ఒక్క గుక్క కోసం: గజపతినగరం నుంచి భావనపాడు దాకా

ప్రయాణం నుంచి తిరిగి వచ్చిన దగ్గర్నుంచి మా వీధిలో వాళ్ళకి ఈ కథ పదిసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరి మేలు మరిచిపోతున్నాను. అందుకే రాసి పెడుతున్నాను. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా నాన్న దుకాణంలో పాత పద్దు కాగితాల వెనక అక్షరాలు దిద్దించాడు, మా అమ్మ పద్యాలు నేర్పింది. తప్పులుంటే మన్నించండి.

మాది గజపతినగరం. బజారులో మా వారికి బియ్యం, పప్పుల దుకాణం. ఆయన మనిషి భారీ. డెబ్భై అయిదు కిలోల బస్తా లెక్కన చూస్తే ఒకటీ ముప్పావు బస్తా అని ఆయనే నవ్వుతూ చెప్పేవారు. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరాడదు, చక్కెర జబ్బు. చివరికి బరువు తగ్గే ఆపరేషను చేయించాం. కడుపులో చాలా భాగం తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా కుట్టారు. అంతా బాగుందని పంపేస్తే, నాలుగు రోజులు విశ్రాంతిగా ఉందామని శ్రీకాకుళంలో మా వదిన ఇంట్లో దిగాం. వదిన అంటే ఆయన అక్క.

అక్కడే జ్వరం పట్టుకుంది. గుండె దడ. ఎడమ భుజం లాగేస్తోందన్నారు. ఆసుపత్రికి తీసుకెళితే కుట్టు పైభాగంలో చిల్లు పడిందని, తాగిన నీళ్ళు కడుపు బయటికి కారి చీము పడుతోందని తేలింది. "ఎవరి చేతి తప్పూ కాదమ్మా. ఎంత బాగా కుట్టినా కొందరికి ఇలా అవుతుంది," అన్నారు డాక్టరుగారు. ఆయన విశాఖ నుంచి వారానికి ఒక రోజు వచ్చి ఎండోస్కోపీ చేస్తారు. ముందు పొట్ట పక్కన గొట్టం పెట్టి చీము తీయించారు. తర్వాత గొంతులోంచి కెమెరా గొట్టం దించి, చిల్లు ఉన్నచోటికి అడ్డంగా ఒక జాలీ గొట్టం పరిచారు. దాన్ని స్టెంటు అంటారు.

"చిల్లు మూయడం నా పని కాదు, ఒంటి పని. అది మూసుకునేదాకా దాని మీద ఏమీ పడకుండా పక్క దారి వేయడమే నా పని," అన్నారు.

నాకు అర్థం కాలేదని మా వారు తన పద్ధతిలో చెప్పారు. "బస్తా కుట్టు విప్పకుండా ఇనప గొట్టం గుచ్చి లోపలి బియ్యం చూస్తాం కదా? ఇదీ అంతే. పొట్ట కొయ్యకుండా నోట్లోంచి దిగి బాగు సేస్తారన్నమాట."

ఆరు వారాలు నోటితో ఏమీ తీసుకోకూడదన్నారు. ముక్కులోంచి పేగు దాకా వేసిన సన్న గొట్టంలోకి, పొడి కలిపిన పాలలాంటి ద్రవం బొట్టు బొట్టుగా వెళ్ళాలి. ఆ ఆరు వారాలూ మా ఊళ్ళో ఇంట్లో నేను వంటింటి తలుపు వేసుకుని, ఆయనకి గిన్నె చప్పుడు వినపడకుండా తిన్నాను.

గడువు తీరాక స్టెంటు తీయించడానికి శ్రీకాకుళం వెళ్ళిన ప్రయాణం ఇది. చిల్లు మూసుకుని ఉంటే నోటితో నీళ్ళు తాగవచ్చు. లేకపోతే మళ్ళీ స్టెంటు. దానికీ లొంగకపోతే పొట్ట కోయాలి. అంతకంటే ఎక్కువ ఆలోచించడానికి నాకు ధైర్యం లేకపోయింది.

విజయనగరం: తక్కెడ కొక్కేనికి భోజనం

ఆయన ఎక్కువసేపు కూర్చోలేరు కాబట్టి దూరం ముక్కలు చేసుకున్నాం. బస్సులో ఆయన చేతిలో ఉమ్ముకునే మూత గ్లాసు, నా చేతిలో మందుల సంచి. ఎక్కిళ్ళు వచ్చినప్పుడల్లా ఛాతీ పట్టుకునేవారు. పక్క సీటులో కూరగాయల గంపతో ఉన్న ముసలామె ఆయన ముక్కుకేసి చాలాసేపు చూసి, చివరికి ఉండబట్టలేక అడిగింది.

"ఏటమ్మా అది, ముక్కుకి తాడేసినావు?"

"తాడు కాదమ్మా, దాంట్లోంచే భోజనం."

"అయ్యో నాయన! మరి ఉప్పూ కారం ఎలా తెలుస్తాదీ?"

"తెలవదు మామ్మా, అదే కదా బాధ," అన్నారు మా వారు. ఆమె గంపలోంచి రెండు లేత వంకాయలు తీసి నా ఒళ్ళో పెట్టింది. "బాగయ్యాక వొండి పెట్టు," అంది. డబ్బు ఇవ్వబోతే కోప్పడింది.

విజయనగరంలో మా వారి చిన్ననాటి స్నేహితుడు సత్యంగారి బియ్యం దుకాణంలో దిగాం. ఆయన మా వారిని చూసి గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ఏటి బావా, సగమైపోనావు! మిగతా సగం ఎవరికి అమ్మీసినావు?"

"బేరం కుదర్లేదురా, నష్టానికి వదిలీసినాను."

భోజనం సంచి వేలాడదీయడానికి ఎత్తయిన చోటు కావాలి. గోడకి మేకు కూడా లేదు. సత్యంగారు అటూ ఇటూ చూసి, పాత తక్కెడ వేలాడిన కొక్కేనికి తగిలించారు. కాటా మిషన్లు వచ్చాక ఆ కొక్కేనికి పని లేకుండా పోయిందట. కింద బస్తాలకి ఆనుకుని మా వారు, పైన బొట్టు బొట్టుగా దిగుతున్న సంచి. వచ్చినవాళ్ళంతా కొత్త రకం నూనె అనుకుని ధర అడిగారు. సత్యంగారు విసుక్కోకుండా అందరికీ ఒకే జవాబు చెప్పారు: "అమ్మకానికి కాదు, అది మా బావ భోజనం."

సత్యంగారి భార్య నన్ను లోపలికి తీసుకెళ్ళి పనసపొట్టు కూర, కందిపచ్చడి పెట్టింది. మా ఇంట్లో పనసపొట్టులో ఆవ తక్కువ వేస్తాం, వాళ్ళు ముక్కు అదిరేలా పెడతారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవ వల్లనే అని చెప్పాను.

అప్పుడే బయట లారీ ఆగిన చప్పుడు. మిల్లు నుంచి సరుకు వచ్చింది. కలాసీ బస్తాలోకి గొట్టం గుచ్చి తీశాడు. సత్యంగారు ఎప్పటి అలవాటుగానే, ఆ పిడికెడు బియ్యం మా వారి అరచేతిలో పోశారు.

"సూడు బావా, పాతవేనంటన్నాడు మిల్లువోడు."

మా వారు బొటనవేలితో రుద్దారు. వెలుతురుకేసి పట్టుకున్నారు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళుగా రోజూ చేసే పనే చేశారు. నాలుగు గింజలు నోట్లో వేసుకుని పంటి కింద పెట్టి విరిచారు.

టక్.

ఆ చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. పాత బియ్యం ఒకలా విరుగుతాయి, కొత్తవి ఒకలా. ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని బయటికి పరుగెత్తాను.

"కొత్తవిరా. తడి ఆరలేదు," అని ముందు తీర్పు చెప్పేశారు. ఆ తర్వాతే ఆయన ముఖం మారింది.

"ఉమ్మండి! ఉమ్మీయండి!" అని అరిచాను.

ఉమ్మితే రెండు పలుకులు గ్లాసులో పడ్డాయి. "మిగతావి?"

"మింగీసినాను."

సత్యంగారు నెత్తి కొట్టుకున్నారు. "నా సేత్తో నానే పోసినాను! నానేటి మనిషిని!" ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. మా వారే ఆయన భుజం తట్టి ఊరుకోబెట్టారు. ఆరు వారాలు మంచినీళ్ళు కూడా గొంతు దిగనివ్వని మనిషి, పచ్చి బియ్యం మింగారు. అవి స్టెంటుని కదిపేస్తే? వెళ్ళి చిల్లులో ఇరుక్కుంటే?

నేను ఫోను తీస్తే మా వారు చెయ్యి పట్టుకున్నారు. "సెప్పకే. విన్నాడంటే స్టెంటు తియ్యడు. ఇంకో ఆరు వారాలు ఉంచీస్తాడు. నా వల్ల కాదు."

ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు చిన్నపిల్లవాడి గొంతులా ఉంది. ఆయన చెయ్యి నెమ్మదిగా తీసి పక్కన పెట్టి ఫోను చేశాను. డాక్టరుగారు దొరకలేదు. నర్సమ్మ తిట్టకుండా అంతా విని, నొప్పి గానీ జ్వరం గానీ వస్తే ఆ క్షణమే వచ్చేయమని, లేకపోతే అనుకున్న రోజున వచ్చి డాక్టరుగారికి మా నోటితోనే చెప్పమని అంది. ఆవిడ ఓర్పుకి దండం పెట్టాలి. గంటగంటకీ ఆయన నుదురు ముట్టి చూశాను. జ్వరం రాలేదు.

రామతీర్థం: సీసాలో దాచిన తీర్థం

మర్నాడు పొద్దున్నే రామతీర్థం వెళ్ళాం. కొండ ఎక్కే ఓపిక ఆయనకి లేదు, కింద గుడి చాలన్నాను. తులసిమాల పది రూపాయలు. మా ఊళ్ళో అయితే ఇంటి వెనకే తులసి, కొనడం అన్నది నాకు వింతగా ఉంటుంది. అమ్మే ఆవిడ మా వారిని చూసి ఇంకో మాల ఊరికే ఇచ్చింది.

స్వామి ముందు నిలబడితే ముందుగా అనుకున్న కోరికలన్నీ ఎగిరిపోయాయి. "తండ్రీ, ఒక్క గుక్క," అన్నాను. అంతే అనగలిగాను.

పూజారిగారు తీర్థం ఇస్తుంటే మా వారు అలవాటుగా చెయ్యి చాపి, వెంటనే వెనక్కి తీసుకున్నారు. నిన్నటి గింజలు బాగా నేర్పాయి. ఆయన వంతు తీర్థం చిన్న స్టీలు సీసాలో పోయించుకున్నాను. మూత బిగించి కొంగున కట్టుకున్నాను. పులిహోర ప్రసాదం ఆకులో ఇస్తే ఆయన వాసన చూసి నాకు ఇచ్చేశారు. "ఇంగువ బాగా పడింది," అన్నారు. నేను స్తంభం చాటుకి వెళ్ళి తిన్నాను.

బయట వేరుశనగలు అమ్మే తాత ఎదుటి కొండ చూపించి, పూర్వం అక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవారని చెప్పాడు.

"మజ్జాన్నం దాటితే మరి తినీవోరు కాదంట బాబూ. మాగొప్ప నిష్ఠ."

"నాను ఆరు వారాలుగా తిన్లేదు తాతా. మరి నాకేటి కొండ ఇయ్యరా?"

తాత పడీ పడీ నవ్వాడు. శనగల పొట్లం అయిదు రూపాయలన్నాడు, కొన్నాను. మా వారి చేతికి మాత్రం ఇవ్వలేదు. ఆ వేళ్ళని నేను ఇక నమ్మను.

ఆటోలో ఆయన నాకేసి తిరిగారు. "నిన్న సెప్పకే అన్నాను. భయమేసి అన్నాను."

"దేవుడి దగ్గర దాచలేం కదండీ. డాక్టరు దగ్గర మాత్రం ఎందుకు?"

"సరే. నానే సెప్తాను," అన్నారు.

శ్రీకాకుళం: పళ్ళెంలో రెండు గింజలు

వదిన ఇంట్లో రాత్రికి బస. తమ్ముడు ఏమీ తినడు కాబట్టి ఇంట్లో ఎవరూ ఆయన కూర్చున్న వాకిట్లోకి కంచం తేకూడదని వదిన ఆజ్ఞ. ఆమె తొమ్మిదేళ్ళ మనవరాలు కూడా అరటిపండు పెరట్లోకి తీసుకెళ్ళి తింది. మనుషులు ప్రేమని ఇలా కూడా చూపిస్తారు.

పొద్దున్న ఆసుపత్రిలో మా వారు మంచం మీద కూర్చుని, డాక్టరుగారు నమస్కారం అనేలోపలే చెప్పేశారు. "సార్, మొన్న బియ్యం తిన్నాను."

"అన్నమా?"

"కాద్సార్, బియ్యం. పచ్చివి. మూడు నాలుగు గింజలు. సరుకు సూడ్డానికి."

డాక్టరుగారు నొప్పి ఉందా, జ్వరం వచ్చిందా అని అడిగి, పొట్ట నొక్కి చూశారు. "నా దగ్గరికి చాలా రకాల తప్పులు చేసినవాళ్ళు వచ్చారు. ఈ తప్పు మాత్రం మొదటిసారి వింటున్నాను. పదండి, లోపల చూద్దాం," అన్నారు.

ఆయన్ని లోపలికి తీసుకెళ్ళాక బయట బల్ల మీద కూర్చున్నాను. కొంగున సీసా. వచ్చిన స్తోత్రాలన్నీ సగం సగంలో మరిచిపోయాను. చివరికి నామం ఒక్కటే మిగిలింది. పక్కన కూర్చున్న ఎవరో ఆవిడ నా చేతిలో తన విసనకర్ర పెట్టి, "ఇసురుకో తల్లీ, సెమటలు కక్కుతన్నావు," అంది. ఆమె ఎవరో, ఎవరి కోసం వచ్చిందో అడగలేదు. ఇప్పటికీ అదే నాకు సిగ్గు.

పిలిచారు. మా వారు మత్తులోంచి అప్పుడే తేలుతున్నారు. స్టెంటు బయట పడి ఉంది. జానెడు కూడా లేదు, ఇంత చిన్నదా అనిపించింది. డాక్టరుగారు స్టీలు పళ్ళెం చూపించారు. అందులో రెండు బియ్యపు గింజలు, నాని ఉబ్బి, తెల్లగా.

"స్టెంటు అంచు జాలీలో ఇరుక్కుని ఉన్నాయి. ఇవేం రకం షావుకారుగారూ?"

మా వారు సగం కన్ను తెరిచారు. "కొత్త బియ్యం సార్. ఆ మిల్లోడు పాతవని అబద్ధం ఆడినాడు."

నర్సమ్మలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను నవ్వలేదు. నాకు కావలసిన మాట ఇంకా రాలేదు. డాక్టరుగారు నా ముఖం చూసి నవ్వు ఆపేశారు.

"చిల్లు కనపడలేదమ్మా. అక్కడ ఎర్రటి మచ్చ మాత్రమే ఉంది. అయినా కంటితో చూసింది చాలదు. మధ్యాహ్నం మందు తాగించి ఎక్స్‌రేలో చూస్తాను."

మధ్యాహ్నం ఆయన్ని నిలబెట్టి చిన్న కప్పు ఇచ్చారు. నన్ను అద్దం వెనక నిలబడనిచ్చారు. ఆయన కప్పు పట్టుకుని తాగకుండా అలాగే ఉన్నారు. ఆరు వారాలు వద్దు వద్దని చెప్పి, ఇప్పుడు మింగమంటే గొంతు నమ్మడం లేదు. అద్దం ఇవతల నుంచి తల ఊపాను. ఆయన మింగారు.

తెర మీద ఆ మందు దారంలా దిగింది. సన్నగా వంగి, కిందికి జారి, పేగులోకి వెళ్ళింది. నా చూపంతా ఆ దారం పక్కనే ఉంది. పక్కకి ఒక్క చుక్క పోలేదు.

"మూసుకుపోయింది," అన్నారు డాక్టరుగారు.

నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. ఏడ్చాననుకుంటాను. తేరుకున్నాక సీసా తీసి, ఈ తీర్థం ఆయనకి పట్టవచ్చా అని డాక్టరుగారిని అడిగాను. ఆయన మూత తీసి చూసి, వాసన చూసి, "కాచిన నీళ్ళు కావు కదమ్మా. ఆయన తల మీద చల్లండి. రెండు రోజులు కాచి చల్లార్చిన నీళ్ళు, కొబ్బరినీళ్ళు, మజ్జిగ మీది తేట, అదీ చిన్న చిన్న గుక్కలు. తాగడం బాగా అలవాటయ్యేదాకా ముక్కు గొట్టం ఇంకో వారం ఉంటుంది," అన్నారు. తల మీద చల్లాను. మిగిలింది నేను తాగాను. ఆయన వంతు తీర్థం ఆయన కోసం నేను తాగానన్న తృప్తి చెప్పలేను.

ఆ రోజు చెంచాతో నీళ్ళు ఇస్తే, ఆయన కళ్ళు మూసుకుని మింగి, "రుచి తెలవలేదే," అన్నారు. భయంతో మింగితే నీళ్ళ రుచి ఎలా తెలుస్తుంది?

భావనపాడు: నూకాలమ్మ కొబ్బరి

మొదటిసారి శ్రీకాకుళం ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా పక్క మంచం భావనపాడు నూకాలమ్మ భర్తది. ఆమె చేపలమ్ముతుంది. నేను స్నానానికి వెళితే మా వారి దగ్గర కూర్చునేది, ఆమె టీకి వెళితే నేను కూర్చునేదాన్ని. వెళ్ళిపోయేటప్పుడు, "ఈ సావుకారు నోటితో తాగీ రోజున మా ఊరు తేవాల. లేపోతే నానొప్పుకోను," అని మాట తీసుకుంది. ఆసుపత్రిలో ఒక రోజు ఉంచి చూశాక, కారులో వెళ్ళి రావచ్చని డాక్టరుగారు విశాఖ నుంచి ఫోనులో ఒప్పుకుంటే వెళ్ళాం.

ఊరి మొదట్లోనే ఎండు చేపల వాసన. నేను పుట్టి పెరిగిన ఇంట్లో ఆ వాసన అంటే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఆ రోజు నాకు పెట్టుకోబుద్ధి కాలేదు. ఆ వాసనతోనే కదా ఆమె మా వారి పక్కన కూర్చుని విసనకర్రతో విసిరింది.

నూకాలమ్మ ఇసకలో పరుగెత్తుకొచ్చింది. "వొచ్చినావేటి సావుకారూ! ఏనుగులా తొండం ఇంకా తియ్యలేదేటి?"

"ఇంకో వారం తొండం ఉంటాదంట. నీ మొగుడెలా ఉన్నాడు?"

"వాడికేటి, మళ్ళీ సముద్రం మీద యేటకెల్లి నన్ను తిడతన్నాడు. తిడితే బాగున్నట్టే."

ఆమె మా కోసం కొత్త స్టీలు పళ్ళెం, గ్లాసు కొంది. అంటించిన ధర చీటీ కూడా ఇంకా ఊడలేదు. "నీసు తగల్లేదమ్మా, ఒట్టు. మీరు తినీవి మా ఇంట్లో లేవు కదా, అందుకే అటుకులూ బెల్లమూ తెచ్చినాను," అంది. ఎవరు ఎవరి ఇంట్లో తినాలన్నదాని మీద మా వాళ్ళకి ఎన్ని నియమాలో. ఆమె మాకు ఇబ్బంది కాకూడదని వాటన్నిటినీ ముందే ఆలోచించి పెట్టింది.

తర్వాత కత్తితో లేత బొండం చెక్కి, నీళ్ళు గ్లాసులోకి వంపి మా వారికి ఇచ్చింది. ఎదురుగా సముద్రం. ఆయన చిన్న గుక్క తీసుకున్నారు. నోట్లో అటూ ఇటూ తిప్పారు. నాలుక అంగిటికి తాకించారు. నాకు ఆ ముఖం తెలుసు. సరుకు తూచే ముఖం. మింగారు.

"తీపి బాగుంది. కానీ కోసి మూడు రోజులైనాది."

నూకాలమ్మ నడుం మీద చేతులు వేసుకుంది. "ఏటీ? పొద్దున్న నా కళ్ళ ముందే కోయించినాను! మూడు రోజులంట! ఏటి సావుకారువయ్యా, నాలుక దుకాణంలో మర్సిపోనావా?"

మా వారు గ్లాసుకేసి చూశారు. మళ్ళీ ఒక గుక్క. ముఖం ఎర్రబడింది. మా పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన సరుకు తప్పు చెప్పడం నేను చూడలేదు.

"తప్పు సెప్పినాను. నాలుక మొద్దుబారిపోనాది," అన్నారు, నవ్వుతూ.

"ఐతే సరిగ్గా సెప్పీదాకా తాగు. బోలెడున్నాయి బొండాలు," అని నూకాలమ్మ ఇంకోటి చెక్కడం మొదలుపెట్టింది. రోజూ కాస్త కాస్తగా తాగి నేర్చుకుంటానని ఆయన ఆమెకి మాట ఇచ్చారు.

అటుకుల పళ్ళెం తీసుకుని నేను అలవాటుగా లేచాను. గుడిసె వెనక్కి, ఆయనకి కనపడని చోటికి. ఆయన నా కొంగు పట్టుకున్నారు.

"ఎక్కడికే? ఇక్కడ కూకో. నా ఎదురుగా తిను."

కూర్చున్నాను. బెల్లం ముక్క కొరికాను. ఆయన గ్లాసు ఎత్తారు. గొంతులో గుటక కదిలి కిందికి దిగింది. నేను నమిలాను, ఆయన మింగారు. ఆరు వారాల తర్వాత మేము కలిసి చేసిన భోజనం అది.